తేమెంత, తాలెంత అని అడిగే సారు

నల్లగొండలో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. కాలేజీ పిల్లలకు ఎకనామిక్స్ సారు. మార్కెట్ యార్డులో హమాలీలకు, గుమస్తాలకు రేట్ల సారు. పట్నంలో పత్రికాఫీసు డెస్కు మీదివాళ్లకు నల్లగొండ లెక్కలాయన. పుట్టింది దేవరకొండ దిక్కు మెట్ట ఊళ్లో. ఆముదాలు, జొన్నలు, కందులు తప్ప వేరే పంట ఎరుగని ఎర్రచెలక అది. ఉస్మానియాలో ఎం.ఏ. చేసి, డెబ్బైల మొదట్లో ప్రైవేటు కాలేజీలో లెక్చరరుగా చేరారు. పొద్దున పాఠం, మధ్యాహ్నం యార్డు, సాయంత్రం పత్రికకు ధరవరలు, ఆదివారం వారానికో వ్యాసం. రిటైరయ్యాక పాఠం ఒక్కటే ఆగింది. ఆయన పోయినప్పుడు ఆర్థికవేత్త, పాత్రికేయుడు అని రాశారు. మాట సరైందే. కానీ ఆ రెండు పనులను ఆయన ఎట్లా ఒక్కటిగా చేశారో ఎవరూ రాయలేదు. అది చెప్పుకోవాల్సిన సంగతి.

సూర్యాపేట యార్డులో వడ్లు ఇంత పలికినయ్ అని ఎవరన్నా చెబితే ఆయన పెన్ను తీసేవారు కాదు. "ఏ రకం బిడ్డా? తేమెంత, తాలెంత? ఎన్ని బస్తాలకు ఆ రేటు?" అని అడిగేవారు. ఈ నాలుగూ తెలియకుంటే ఆ అంకెను ధరగా ఒప్పుకునేవారు కాదు. కొత్తగా చేరిన విలేకరులకు ఇది చాదస్తంగా తోచేది. యార్డులో ధర ఎట్లా పుడుతుందో నాలుగు రోజులు నిలబడి చూస్తే ఆ అడగడంలోని విలువ తెలిసేది.

రైతు తెల్లవారకముందే సరుకు తెచ్చి అడ్తి, అంటే కమీషను వ్యాపారి దుకాణం, ముందర రాశి పోస్తాడు. ఆ రాశికి లాటు నంబరు పడుతుంది. ఖరీదుదారులు ఒక్కో రాశి దగ్గర ఆగి, గుప్పెడు గింజలు తీసి, పంటి కింద కొరికి చూస్తారు. కటుక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. అరచేతిలో రుద్ది ఊదితే తాలు, అంటే గింజ పట్టని పొల్లు, ఎంతుందో తెలుస్తుంది. అప్పట్లో, పెట్టదలచిన రేటును చీటీ మీద లాటు నంబరు పక్కన రాసి పెట్టెలో వేసేవారు. గడువు కాగానే సిబ్బంది పెట్టె తెరిచి, ఏ లాటుకు ఎవరు ఎక్కువ రాశారో చదివేవారు. రైతుకు ఇష్టమైతే కాంటా, లేకుంటే రాశి అట్లాగే ఉంటుంది. కాంటా దగ్గర దడ్వాయి తూకం రాస్తాడు, చాట పట్టే ఆడవాళ్లు బస్తాలు నింపుతారు, హమాలీలు కుట్టి మోస్తారు. చివరన అడ్తిదారు తక్‌పట్టీ చేతిలో పెడతాడు. పైన బస్తాలు, తూకం, రేటు ఉంటాయి. కింద కమీషను, హమాలీ, దడ్వాయి, చాట ఖర్చులు. అన్నీ పోను మిగిలేది అట్టడుగున.

సారు రేటు తీసుకునేది పెట్టె దగ్గర కాదు, తక్‌పట్టీ దగ్గర. టెండరులో పలికిన రేటుకూ తక్‌పట్టీ మీద పడ్డ రేటుకూ తేడా వచ్చే రోజులుంటాయి. కాంటా పెట్టేటప్పుడు రాశి అడుగున పచ్చి గింజ కనపడిందనో, మట్టి కలిసిందనో ఖరీదుదారు రేటు కోస్తాడు. ట్రాక్టరు కిరాయి, మళ్లీ రాశి పోసే కూలి తలుచుకొని రైతు సరేనంటాడు. బోర్డు మీద మాత్రం పొద్దుటి రేటే ఉంటుంది. అందుకే ఆయన రోజూ వేర్వేరు అడ్తిల్లో తక్‌పట్టీలు తెప్పించుకుని, రైతు పేరు వదిలేసి, బస్తాలు, రేటు, కోతలు నోటుబుక్కులో ఎక్కించుకునేవారు. ఒకే అడ్తి చూస్తే ఆ అడ్తి సరుకే మార్కెట్టు అనిపిస్తుందని రోజూ మార్చేవారు.

గరిష్ఠ ధర ఒక్కటే పత్రికలో వేయడాన్ని ఆయన జీవితమంతా వ్యతిరేకించారు. ఆయన బోర్డు మీద వేసి చూపే లెక్క ఇది. 10 బస్తాలు 1,900కు, 60 బస్తాలు 1,650కి, 30 బస్తాలు 1,500కు పోయాయనుకుందాం. పై రేటునూ కింది రేటునూ కలిపి సగం చేస్తే 1,700 వస్తుంది. ఆ రోజు యార్డులో ఆ రేటుకు ఒక్క బస్తా కూడా అమ్ముడుపోలేదు. బస్తాలతో హెచ్చించి, మొత్తం బస్తాలతో భాగిస్తే 1,630. ఎక్కువ సరుకు పోయిన రేటు, అంటే మోడల్ ధర, 1,650. రైతుకు పనికొచ్చేవి ఈ చివరి రెండే. 1,900 అని పెద్దక్షరాల్లో వేస్తే ఏం జరుగుతుందో యార్డులో అందరికీ తెలుసు. చుట్టూ మండలాల్లో పేపరు చదివినవాళ్లు ఆ రాత్రే ట్రాక్టర్లు కట్టుకుని బయలుదేరుతారు. మర్నాడు యార్డులో కాలు పెట్టడానికి జాగా ఉండదు, కాంటాలు రాత్రిదాకా సాగుతాయి, ఎదురుచూడలేని రైతు ఎంతకైనా ఇచ్చేస్తాడు. వార్త అబద్ధం కాకపోయినా నష్టం జరిగిపోతుంది. అందుకే ఆయన పంపే పట్టికలో రేటు కన్నా ముందు వచ్చిన సరుకు ఎంతో ఉండేది. ఆ గడిని జాగా చాలదని డెస్కు తీసేస్తే ఫోను చేసి మరీ పెట్టించేవారు.

తేమ సంగతి ఇంకా వివరంగా చెప్పాలి. ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. 22 శాతం ఉన్న వడ్లను 17కు ఆరబెడితే క్వింటాలుకు ఎంత తరుగుతుంది? అయిదు కిలోలని చాలామంది అంటారు, రాస్తారు కూడా. అది తప్పు. 100 కిలోల్లో 22 కిలోలు నీళ్లయితే గింజ 78 కిలోలు. ఆరిన తర్వాత కూడా ఆ 78 అట్లాగే ఉంటుంది, కానీ మొత్తంలో అది ఇప్పుడు 83 వంతులు. 78ని 83తో భాగించి 100తో హెచ్చిస్తే 94 కిలోలు వస్తుంది. తరిగేది ఆరు కిలోలు. 2018-19లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,770. 94 కిలోలకు 1,664 రూపాయలు చేతికొస్తాయి. పచ్చి వడ్లకు కల్లంలోనే 1,650 ఇస్తానని మిల్లువాడు వస్తే ఇచ్చేయడమే మేలు. 14 రూపాయల కోసం రెండు రోజులు ఆరబోసే కూలి, టార్పాలిన్ కిరాయి, రాత్రి వాన భయం ఎవరు పడతారు? 1,500 అంటే మాత్రం ఆరబెట్టాలి. మద్దతు ధర కన్నా తక్కువకు అమ్మిన ప్రతి రైతునూ మోసపోయినవాడిగా రాయొద్దని ఆయన పట్టుబట్టింది ఈ లెక్క తెలిసే.

బస్తా తూకం మీద మాత్రం ఆయనకు రాజీ లేదు. కొత్త గోనెసంచి బరువు 580 గ్రాములు. 40 కిలోల బస్తా కాంటా మీద 40 కిలోల 580 గ్రాములు చూపితే న్యాయం. 42 తూకితే బస్తాకు 1 కిలో 420 గ్రాములు పోయినట్టు. వంద బస్తాలకు 142 కిలోలు, 1,770 రేటున 2,513 రూపాయలు. రేటు కోత అందరికీ కనపడుతుంది, తరుగు కోత తక్‌పట్టీ మీద కూడా కనపడదు. కాబట్టి రైతు చెప్పిన రేటును అసలు గింజ బరువుతో మళ్లీ లెక్కగట్టి రాసేవారు. మిల్లువాళ్ల వైపు సంగతి కూడా దాచేవారు కాదు. ప్రభుత్వానికి మర పట్టి ఇచ్చే బియ్యం లెక్క క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. యాసంగి వడ్లు ఎండలకు గింజలో చీలి, మరలో నూకవుతాయి. పచ్చి బియ్యంగా 67 రావడం కష్టం, ఉడకబెడితే చీలిక అతుక్కుంటుంది. మిర్యాలగూడలో అన్నన్ని ఉప్పుడు మిల్లులు పుట్టుకురావడానికి కారణం ఇదేనని, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద రెండో పంట వచ్చాకే ఈ సంగతి ముందుకొచ్చిందని పాఠంలో చెప్పేవారు. సాగర్ శంకుస్థాపన 1955 డిసెంబరు 10న, నీళ్లు వదిలింది 1967లో. ఆ పన్నెండేళ్లను, ఆ తర్వాత మెట్ట రైతు మాగాణి రైతుగా మారడాన్ని ఆయన ఈ జిల్లా ఆర్థిక చరిత్రకు నడిమధ్య పెట్టేవారు.

ఆయన మనసు మాత్రం ఆముదాల మీద ఉండేది. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట చెలకల్లో జూన్, జూలైలో వేస్తే మొదటి గెలలు నవంబరుకు చేతికొస్తాయి. గుజరాత్ పంట పెద్దది, నీటి మీద పండేది, చలికాలం పోయాక మార్కెట్లను ముంచేస్తుంది. ధర నిలిచేదీ పడేదీ అక్కడి సరుకుతోనే. అక్టోబరులో ముసురు పట్టి గెలలకు బూజు తెగులు తగిలితే మన దగ్గర పంట సగానికి పడిపోతుంది. అయినా రేటు పెరగదు, ఎందుకంటే గుజరాత్‌లో చేను బాగానే ఉంటుంది. పంట పోయింది కాబట్టి ధర పెరుగుతుందని ఆశపడి బస్తాలు దాచుకున్న రైతు ఇక్కడే దెబ్బతింటాడు. గుజరాత్ సరుకు దిగకముందు రెండు నెలల సందు ఉంటుంది, అమ్మేదేదో ఆ సందులో అమ్ముకోవాలని ఏటా నవంబరులో రాసేవారు. జడ్చర్ల దగ్గరి బాదేపల్లి యార్డుకు పల్లికాయ వచ్చే కాలంలోనూ ఇట్లాంటిదే ఒక చిన్న పద్ధతి నేర్పారు. వంద గ్రాముల కాయ తూచి, ఒలిచి, గింజలు తూచాలి. 70 గ్రాములు వస్తే గింజ శాతం 70. 65 వచ్చిన కాయకూ 70 వచ్చిన కాయకూ క్వింటాలుకు అయిదు కిలోల పల్లీల తేడా. ఖరీదుదారు కంటితో ఈ లెక్క కడతాడు, రైతు ఇంటి దగ్గర తక్కెడతో కట్టుకుని రావచ్చు.

ఈ అంకెలు పట్నం చేరడం వేరే కథ. డెబ్బైల్లో ట్రంకు కాలు, అంటే ఎక్స్ఛేంజీ వాళ్లు కలిపే దూరపు ఫోను, బుక్ చేసి కూర్చోవాలి, లేకపోతే కవరు మీద పత్రిక పేరు రాసి ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికివ్వాలి. బస్సు చెడితే ఆ రోజు రేట్లు లేనట్టే. ఫోనులో పెద్ద చిక్కు అరవై, ఇరవై. గరగరమనే లైనులో ఆ రెండూ ఒక్కతీరే వినపడతాయి. అందుకే అంకెలను విడివిడిగా పలికేవారు, ఆరు సున్నా, రెండు సున్నా అని. పట్టిక అంతా చెప్పాక అన్ని రేట్లూ కూడిన మొత్తం చెప్పేవారు. అవతల రాసుకున్నాయన కూడి చూసుకోవాలి, కలవకపోతే మళ్లీ మొదటి నుంచి. సీసపు అక్షరాల కాలంలో 6 తలకిందులై 9 అచ్చయ్యే ప్రమాదం వేరే. మర్నాడు పేపరు రాగానే ఆయన ముందు చేసేది హెడ్డింగు చదవడం కాదు, తాను పంపిన మొత్తంతో పట్టికను సరిచూసుకోవడం. తప్పు పడితే ఆ సాయంత్రమే సవరణ పంపేవారు. సవరణ వేస్తే పరువు పోతుందనే డెస్కుతో ఆయనకు చాలాసార్లు మాటామాటా అయ్యింది. ఈ విషయంలో ఆయనే సరి. తప్పుడు రేటు నమ్మి బండి కట్టిన రైతుకు పత్రిక పరువుతో పనేముంది?

ఆదివారం వ్యాసాల్లో ఎక్కువ మంది దాచుకున్నవి మిత్తి, అంటే వడ్డీ, మీద రాసినవి. మన దగ్గర మిత్తిని నూటికి నెలకు రూపాయల్లో చెబుతారు, బ్యాంకు ఏడాదికి శాతాల్లో చెబుతుంది. ఈ రెండు భాషల మధ్యనే అప్పుల్లో పడేవాళ్లు పడతారని ఆయన గట్టి అభిప్రాయం. రెండు రూపాయల మిత్తి ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలది 36. అసలు, మిత్తి కలిపి ఏటా కొత్త నోటు రాయిస్తే 72ను ఆ శాతంతో భాగించాలి, దాదాపు అన్నేళ్లకు అప్పు రెట్టింపు. 24 శాతానికి మూడేళ్లు దాటగానే. పాత కాలపు నాగు సంగతి తీసేవారు. వానాకాలం మొదట్లో బస్తా గింజలు తెచ్చుకుని పంటకు బస్తాన్నర కొలిచి ఇస్తే, ఆరు నెలలకు నూటికి యాభై. అదీ ధర ఎక్కువున్నప్పుడు తెచ్చి, ధర పడిపోయినప్పుడు ఇవ్వడం. డబ్బులోకి మార్చి చూస్తే ఆ భారం కొంత తగ్గుతుందని కూడా నిజాయితీగా చూపేవారు. అయినా అంతటి మిత్తి కట్టి ఏ సేద్యమూ నిలవదని చెప్పడానికి ఆయనకు వేరే నినాదం అక్కరలేకపోయింది.

సూక్ష్మరుణ కంపెనీలు ఊళ్లోకి వచ్చినప్పుడు ఆయన రాసిన లెక్క చాలా సంఘాల మీటింగుల్లో చదివారు. 12 శాతం ఫ్లాట్ అంటారు. పది వేల అప్పుకు ఏడాదికి 1,200 మిత్తి కలిపి 11,200ను పన్నెండు కిస్తీలు చేస్తే నెలకు 933 రూపాయలు. మొదటి నెల నుంచే అసలు తీరుతూ వస్తుంది, కానీ మిత్తి మాత్రం ఏడాది పొడవునా పది వేలు వాడుకున్నట్టు కట్టాలి. నిజంగా చేతిలో ఉన్న సొమ్ము మీద లెక్కగడితే అది 21 శాతం పైనే. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వారం వారం వసూళ్లు ఆపించినప్పుడు ఆయన స్వాగతించారు. అప్పు ఇచ్చే ఇంకో దారి తెరవకుండా ఈ దారి మూస్తే జనం మళ్లీ అయిదు రూపాయల మిత్తికి పోతారని అదే వ్యాసంలో రాశారు. ఒక వైపు చప్పట్లు కొట్టి ఊరుకునే రాత కాదది.

చిట్టీల గురించి అడగనివాళ్లు ఉండేవారు కాదు. లక్ష రూపాయల చిట్టీ, 25 మంది, నెలకు 4,000, 25 నెలలు. 30 వేలకు పాట పాడితే పాడినవాడికి 70 వేలు. ఆ 30 వేలలో నిర్వాహకుడి కమీషను 5 వేలు పోను 25 వేలు అందరికీ పంచితే తలా వెయ్యి, కట్టాల్సింది 3,000. పాట పాడినవాడికి పడే మిత్తి ఎంతో ఆ నెలలో ఎవరూ చెప్పలేరు, ముందున్న నెలల్లో ఎంతకు పాడతారో తెలియదు కాబట్టి. ప్రతినెలా కట్టింది ఒక కాగితం మీద తేదీతో రాసుకోవాలి, చివర్న లెక్క తేలుతుంది. మొదటి నెలల్లో పాడితే అప్పు, చివరి నెలల్లో తీసుకుంటే పొదుపు. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయని మరిచిపోవద్దనేవారు. చిట్టీ రిజిస్ట్రారు దగ్గర నమోదైందో లేదో చూడమని చెప్పకుండా ఒక్క వ్యాసమూ ముగియలేదు.

బడ్జెట్ రోజు ఆయన ఇంట్లో పండుగ వాతావరణం. 1998 దాకా కేంద్ర బడ్జెట్ సాయంత్రం అయిదింటికి చదివేవారు. 1999లో యశ్వంత్ సిన్హా దాన్ని పొద్దున పదకొండుకు మార్చారు. అయిదింటి కాలంలో రేడియో ముందు కూర్చుని, ఎనిమిదిన్నర బస్సుకు కవరు అందించాలి. దానికి వారం ముందే కాగితం గీసి పెట్టుకునేవారు. ఎడమన వరుసగా యూరియా, డీఏపీ, బీడీలు, నూలు, పట్టు, సబ్బులు, కిరోసిన్, ట్రాక్టరు, మధ్యలో పాత పన్ను, కుడిన ఖాళీ. ప్రసంగం మొదటి భాగంలో పథకాలు, పన్నులు రెండో భాగంలో. అందరూ మొదటి భాగం రాసుకుంటూ అలిసిపోతే ఆయన రెండో భాగానికి పెన్ను మూత తీసేవారు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాలకు నూలు, పట్టు మీద పన్నే బడ్జెట్. మిగతాదంతా మర్నాడు వేరేవాళ్లు రాస్తారనేవారు.

1991 జూలై 24న మన్మోహన్ సింగ్ చదివిన బడ్జెట్లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. గొడవయ్యాక 30కి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులను మినహాయించారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఫాస్ఫరస్, పొటాష్ ఎరువుల మీద ధరల అదుపు ఎత్తేశారు, యూరియా మీద ఉంచేశారు. ఈ రెండో నిర్ణయం పొలంలో ఏం చేస్తుందో ఆయన అప్పుడే పట్టుకున్నారు. ఫాస్ఫరస్ ఇచ్చే డీఏపీ పిరమైతే రైతు దాన్ని తగ్గించి చవకైన యూరియానే ఇంకో బస్తా చల్లుతాడు, చేను పచ్చగా కనపడుతుంది, దోమా తెగులూ పెరుగుతాయి, గింజ బరువు రాదు. దేశమంతా తర్వాత మాట్లాడిన సంగతి ఇది. ఆయన సంస్కరణలకు వ్యతిరేకి కాదు. విదేశీ మారకం అడుగంటిన సంగతి, ఆ జూలైలో మూడు రోజుల్లో రూపాయి విలువను రెండుసార్లు తగ్గించాల్సి వచ్చిన సంగతి ఓపిగ్గా వివరించినవాళ్లలో ఆయనొకరు. ఒకే చేనుకు వేసే నత్రజని, ఫాస్ఫరస్, పొటాష్ అనే మూడు పోషకాలకు రెండు విధానాలు పెట్టడమే తప్పన్నారు.

రాసే భాష మీద ఆయనకు పట్టింపులుండేవి. వార్తా ఏజెన్సీ పంపిన కాపీలో మిలియన్ వస్తే పది లక్షలు, బిలియన్ వస్తే వంద కోట్లు, ట్రిలియన్ వస్తే లక్ష కోట్లు. ఈ మూడు వరుసలు రాసిన అట్టముక్క టేబుల్ మీద ఉండేది. బిలియన్‌ను కోటి అని రాసిన వార్తలు ఇప్పటికీ కనపడతాయి, వంద రెట్ల తప్పది. 8 నుంచి 10 శాతానికి పెరిగితే రెండు శాతం పెరిగిందని రాయనిచ్చేవారు కాదు. పెరిగింది రెండు శాతాంశాలు, లెక్కగడితే పాతిక శాతం. ద్రవ్యోల్బణం తగ్గితే ధరలు తగ్గాయని రాసినవాళ్లకు బియ్యం లెక్క చెప్పేవారు. కిలో 40 ఉన్నది 44 అయితే పది శాతం, మరుసటి ఏడు 46 రూపాయల 20 పైసలు అయితే అయిదు శాతం. ద్రవ్యోల్బణం సగమైంది, బియ్యం మాత్రం ఇంకా పిరమైంది. బడ్జెట్ పోలికల్లో నిరుటి అంచనాను ఈ ఏటి అంచనాతో పోల్చాలి, లేదా ఖర్చయిన లెక్కను ఖర్చయిన లెక్కతో పోల్చాలి. నిరుటి సవరించిన అంచనా పక్కన ఈ ఏటి అంచనా పెట్టి భారీ పెంపు అని రాస్తే కలం లాక్కున్నంత కోపం వచ్చేది.

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ పడ్డారు. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని వేసిన నామినేషన్లే అందులో ఎక్కువ. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. అందరూ దాన్ని వింతగా రాస్తే ఆయన ధరగా రాశారు. అప్పటి డిపాజిట్ సాధారణ అభ్యర్థికి 500 రూపాయలు. మనిషికి 500తో జిల్లా గోసను దేశం ముందు పెట్టగలిగారు. ఆ తర్వాత డిపాజిట్ 10,000 చేశారు. పేదవాడి నిరసనకు ఇరవై రెట్లు ధర పెట్టారన్నది ఆయన మాట. ఆర్థికశాస్త్రం చదివినవాడి కన్ను ఎట్లా ఉండాలో చెప్పమంటే ఇదొక్కటి చాలు.

పాలమూరు వలస మీద ఆయన చేసిన పని అచ్చయింది తక్కువ, నోటుబుక్కుల్లో ఉంది ఎక్కువ. గుంపు మేస్త్రీ దసరా, దీపావళి మధ్య ఊళ్లో అడ్వాన్సు పంచి, ఆలుమగల జంటలను ఆనకట్టల పనికి, కాలువ పనికి తీసుకపోతాడు. రోజు కూలి ఎంత అంటే మేస్త్రీ చెప్పే అంకె ఒకటి ఉంటుంది. సారు లెక్క వేరు. తిరిగొచ్చినప్పుడు చేతికందిన మొత్తం, ముందు తీసుకున్న అడ్వాన్సు, అక్కడ ఇచ్చిన జొన్నల విలువ కూడాలి. దాన్ని పని చేసిన రోజులతో కాదు, ఊరు విడిచిన రోజు నుంచి ఇల్లు చేరిన రోజు దాకా అన్ని రోజులతో, ఇద్దరు మనుషులతో భాగించాలి. వానకు ఆగిన రోజులు, జ్వరం పడ్డ రోజులు, ప్రయాణం రోజులు అన్నీ అందులోనే. అట్లా వచ్చేదే నిజమైన కూలి, అది చెప్పిన అంకెలో ఎంత భాగమో గడి పక్కన ఎర్ర సిరాతో ఉండేది. లెక్క అడిగేటప్పుడు మేస్త్రీ ముందర అడగొద్దని, పండుగ గుర్తులతో అడిగితే తేదీలు సరిగ్గా వస్తాయని శిష్యులకు నేర్పారు.

షేర్ల కాలం కూడా జిల్లాకు వచ్చింది. 1992లో బొంబాయి షేర్ల సూచీ సెన్సెక్స్ నాలుగువేలు దాటిన నెలల్లో నల్లగొండలో దరఖాస్తు ఫారాల కోసం బ్యాంకుల ముందు వరుసలు కట్టారు. ఆ ఏప్రిల్‌లో పాత్రికేయురాలు సుచేతా దలాల్ బొంబాయిలో షేరు దళారి హర్షద్ మెహతా వ్యవహారం బయటపెట్టినప్పుడు, విలేకరి చేయాల్సింది ఇదీ అని ఆ క్లిప్పింగు క్లాసులో చదివి వినిపించారు. బ్యాంకు రశీదులంటే ఏమిటో, వెనుక బాండ్లే లేకుండా రశీదు చేతులు మారితే ఏమవుతుందో వడ్ల గోదాము రశీదుతో చెప్పారు. టేకు మొక్కల కంపెనీలు తిరిగినప్పుడు వెయ్యికి ఇరవై ఏళ్లలో యాభై వేలు అన్న మాటను లెక్కగట్టి, ఏటా 21 శాతం పైన ఆగకుండా పెరిగితేనే అది సాధ్యమని, టేకు చెట్టు నీళ్లు లేని చెలకలో అట్లా పెరగదని రాశారు. 2001 జూలైలో యూనిట్ ట్రస్టు తన పెట్టుబడి పథకం యూఎస్-64 యూనిట్ల అమ్మకాలు, తిరిగి కొనుగోళ్లు ఆపేసినప్పుడు పింఛను టీచర్లు ఆయన గుమ్మంలో కూర్చున్నారు. యూనిట్ ధర ట్రస్టు కొన్న షేర్ల విలువను బట్టి కాక, పాలకులు నిర్ణయించినట్టు ఏళ్ల తరబడి ఉండడమే రోగమని వాళ్లకు చెప్పారు. సహకార బ్యాంకుల్లో ఎక్కువ మిత్తికి ఆశపడి డిపాజిట్ చేసినవాళ్లకు ఒకటే మాట. బ్యాంకు డిపాజిట్ల మీద బీమా హద్దు అప్పుడు లక్ష రూపాయలు, 1993 నుంచి అంతే. ఒక బ్యాంకులో ఎన్ని ఖాతాలున్నా కలిపి లక్షే, వేర్వేరు శాఖల్లో పెట్టినా అంతే. ఆ హద్దు 2020లో అయిదు లక్షలైంది, అది చూడకుండానే పోయారు.

ఆయన నోటుబుక్కులు ఇప్పుడు పాత గోనెసంచుల్లో కట్టి ఉన్నాయి. కొన్నింటికి చెద పట్టింది. ఇద్దరు శిష్యులు వాటిని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు, చిక్కు వస్తున్నది అంకెల దగ్గర కాదు, కొలతల దగ్గర. పాత పుస్తకాల్లో రేటు బస్తాకు ఉంది, బస్తా ఒక్కో యార్డులో, ఒక్కో సరుకుకు ఒక్కో బరువు. పుట్టి అనే పాత కొలత లెక్క ఒక్కో తాలూకాలో ఒక తీరు. నేరుగా క్వింటాలుకు మారిస్తే మొత్తం తప్పుతుంది. అదృష్టవశాత్తు ప్రతి పుస్తకం మొదటి పేజీలో ఆ ఏడు ఏ యార్డులో ఏ సరుకు బస్తా ఎన్ని కిలోలో, సంచి బరువు కలిపో తీసో, చిన్న అక్షరాల్లో రాసి పెట్టారు. ముందుగా ఆ మొదటి పేజీలన్నీ ఒక్కచోట చేరుస్తున్నారు. రేట్లు ఆ తర్వాత.